వంటసోడా: నాలుకకు దొరకని ఉప్పు

మిరపకాయ బజ్జీలు గుల్లగా పొంగడానికి పిండిలో చిటికెడు వంటసోడా కలపడం మన గృహిణులందరికీ తెలిసినదే. చలిదేశాలలో ఇడ్లీపిండి సరిగా పులియని రోజున అక్కరకు వచ్చేదీ ఇదే. ఈ తెల్లని పొడికి రసాయన శాస్త్రంలో సోడియం బైకార్బొనేట్ అని పేరు. ఆమ్లమూ క్షారమూ కలిసినప్పుడు ఏర్పడే పదార్థాన్ని లవణం అంటారు. ఆ విధంగా వంటసోడా కూడ ఒక లవణమే. 1861లో బెల్జియం దేశస్థుడైన ఎర్నెస్ట్ సాల్వే ఉప్పునీరు, సున్నపురాయి, అమ్మోనియాలతో సోడాను చౌకగా తయారుచేసే పద్ధతిని రూపొందించాడు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో భూగర్భం నుండి తవ్వితీసే ట్రోనా అనే ఖనిజం నుండి కూడ దీనిని తయారుచేస్తారు.

వంటసోడా బలహీనమైన క్షారగుణం కలది. పుల్లని పెరుగు, మజ్జిగ, నిమ్మరసం వంటివి తగిలిన వెంటనే బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. పిండిని పొంగించేవి ఆ వాయువు బుడగలే. వేడి తగిలినా ఈ వాయువు వెలువడుతుంది; కాని అప్పుడు మిగిలేది చాకలిసోడా. పులుపు చాలని పిండిలో సోడా ఎక్కువైతే వంటకానికి సబ్బు వంటి రుచి రావడానికి కారణం ఇదే. క్షారం తగిలితే పసుపు ఎరుపెక్కుతుంది. కనుక పసుపు వేసిన పిండివంటలో ఎర్రని మచ్చలు కనిపిస్తే సోడా అధికమైనదని గ్రహించవచ్చు.

అంగళ్ళలో దొరికే బేకింగ్ పౌడరు వేరు. అందులో వంటసోడాతోపాటు పొడి రూపంలో ఆమ్లపదార్థమూ, పిండిపదార్థమూ కలిసి ఉంటాయి. అందుచేత ఒకదానికి బదులు మరొకటి అదే కొలతలో వాడరాదు.

పులిత్రేన్పులు వచ్చినప్పుడు కొందరు పెద్దలు సోడాను నీటిలో కలుపుకొని త్రాగుతారు. జఠరరసంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అది కలిసి ఆమ్లతీవ్రతను తగ్గించే మాట నిజమే. కాని ఆ చర్యలో ఏర్పడేవి మూడు: బొగ్గుపులుసు వాయువు, నీరు, మనం కూరలో వేసుకునే మామూలు ఉప్పు. త్రేన్పుతో వాయువు బయటికి పోతుంది. ఉప్పు శరీరంలోనే నిలుస్తుంది.

ఒక టీస్పూను వంటసోడాలో సుమారు 1,260 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దలు రోజుకు తీసుకొనే సోడియం 2,000 మిల్లీగ్రాములకు లోపుగా ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. అనగా ఒక్క టీస్పూనుతోనే అందులో సగానికి పైగా చెల్లిపోతుంది. ఊరగాయలూ, అప్పడాలూ మానివేసిన రక్తపోటు రోగి సైతం, ఉప్పగా అనిపించదు గదా అని, సోడానీటిని నిశ్చింతగా త్రాగుతాడు. ఫ్రూట్ సాల్ట్ అనే పేరుతో అమ్మే పొడులలోనూ ప్రధానంగా ఉండేది ఇదే.

కనుక బజ్జీలలో చిటికెడు సోడాకు భయపడనక్కరలేదు. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం దీనిని వైద్యుని అడగకుండ త్రాగరాదు. స్వదేశం నుండి వచ్చి మనతో కొన్ని నెలలు గడిపే తల్లిదండ్రులను వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళినప్పుడు, వారు వాడే మందుల పట్టికలో ఈ సోడానీటిని కూడ చేర్చి చెప్పడం అవసరం.