పేర్లకు తొందర.. జిగురుకు నిదానం

నిదానమే ప్రధానం అన్నారు పెద్దలు. ఆలస్యం అమృతం విషం అన్నదీ వారే. ఇంట్లోని పాత ఫొటోలు, శుభలేఖలు, పత్రికల్లో వచ్చిన ముక్కలు ఏరి ఒక పుస్తకంలో అతికించి దాచుకుందామనుకునే వారు ఈ రెంటిలో ఏ మాట వినాలి? రెండూ వినాల్సిందే. అయితే ఏది ఎక్కడ వాడాలో తెలియాలి. తొందరపడాల్సిన చోట సాగదీయడం, ఆగాల్సిన చోట పరుగెత్తడం వల్ల ఎంతో ఇష్టంగా మొదలుపెట్టిన ఆల్బంలు కూడా అక్కరకు రాకుండా పోతుంటాయి.

చాలా ఇళ్లలో జరిగేది ఇదీ. ఫొటోలు పాత కవరులోనో, ట్రంకుపెట్టెలో చీరల కిందో పడి ఉంటాయి. 'తీరిక దొరికినప్పుడు చక్కగా అతికిద్దాం' అనుకుంటారు. మంచి పుస్తకం కొనాలి, రంగు కాగితాలు తేవాలి, ఏది ముందు ఏది వెనక పెట్టాలో ఆలోచించాలి అంటూ సంక్రాంతి నుంచి ఉగాదికి, ఉగాది నుంచి వేసవి సెలవులకు పని వాయిదా పడుతుంది. ఈలోగా ఫొటోల్లో ఉన్నవారిని గుర్తుపట్టగలిగిన ఒక్క పెద్దావిడా కాలం చేస్తుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన పుస్తకం కొన్నా అందులో మిగిలేది పేరు తెలియని మనుషులే.

ఆడవారి పేర్లే ముందు పోతాయి

పెళ్లినాటి గుంపు ఫొటో ఒకటి తీసి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. మగవారి పేర్లు పొలం కాగితాల్లోనో, పాత అప్పుపత్రాల్లోనో ఎక్కడో ఒకచోట దొరకవచ్చు. ఆడవారిని 'ఫలానా వారి కోడలు', 'పెద్దమ్మ కూతురు' అని చెప్పుకోవడమే తరచు వాడుక. ఆ వరుస చెప్పే మనిషి పోతే ఆ పేరూ పోతుంది.

అందుకే పుస్తకం కొన్నాక కాదు, ఇవాళే పేర్లు రాసుకోవాలి. "నాయనమ్మా, ఈ చివర నిలబడిందెవరు?" అని మనుమరాలు ఫొటో చేతికిచ్చి అడిగితే, ఆవిడ పేరుతో సరిపెట్టదు. ఆ రోజు గాజులు ఎవరు తెచ్చారో, విడిది ఎవరింట్లో ఇచ్చారో కూడా చెబుతుంది. అవన్నీ అప్పటికప్పుడు రాసేయాలి. ఎడమ నుంచి కుడికి వరుసగా పేరు, చుట్టరికం, ఊరు, ఏ సందర్భం, ఏ సంవత్సరం అన్నవి ఉంటే చాలు. దస్తూరి బాగుండాలని చూసుకోనక్కర్లేదు.

సంవత్సరం గుర్తులేకపోతే 'ఉప్పెనకు ముందు ఏడు', 'పెద్దవాడు పుట్టిన ఏడు' అని చెప్పినట్లే రాసుకోవచ్చు. దివిసీమను ఉప్పెన ముంచింది 1977 నవంబరు 19న. ఆ లెక్కన ఉప్పెనకు ముందు ఏడంటే 1976 అని తర్వాత ఎవరైనా తేల్చుకోగలరు.

ఫొటో వెనక రాసేటప్పుడు మెత్తటి పెన్సిలుతో, అంచున, ఒత్తకుండా రాయాలి. బాల్ పెన్నుతో ఒత్తి రాస్తే గీతలు బొమ్మవైపు ఉబ్బి కనిపిస్తాయి. నున్నటి ఫొటోల మీద పెన్సిలు పడకపోతే చీటీ మీద రాసి ఫొటోతోపాటు ఉంచాలి.

కత్తెర పట్టే ముందు

1983 జూన్ 25న కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్పు గెలిచిన తర్వాత పత్రికల్లో వచ్చిన బొమ్మలు కత్తిరించి నోటు పుస్తకాల్లో అతికించుకున్న పిల్లలు ఇప్పుడు మనుమలను ఎత్తుకునే వయసులో ఉన్నారు. ఆ పుస్తకాలు మిగిలి ఉన్నా బొమ్మ ఏ పత్రికలోదో, ఏ తేదీదో చాలావాటికి తెలియదు. తేదీ పేజీ పైభాగాన ఉంటుంది. కత్తెర బొమ్మ చుట్టూ తిరుగుతుంది. మిగిలిన కాగితం పొట్లాలు కట్టడానికి పోతుంది.

పత్రిక పేరు, తేదీ ముందు రాసుకుని ఆ తర్వాతే కత్తిరించాలి. పత్రికలు అచ్చువేసే కాగితం చవకరకం కలప గుజ్జుతో తయారవుతుంది. గాలి, వెలుతురు తగిలితే పసుపురంగుకు తిరిగి పెళుసెక్కుతుంది. కాబట్టి ముఖ్యమైన ముక్కను మంచి తెల్లకాగితం మీద జిరాక్సు తీయించి పుస్తకంలో పెట్టుకోవడం మేలు.

ఫొటోలకు కత్తెర పెట్టకుండా ఉంటేనే మంచిది. పుస్తకంలో పట్టడం లేదని మనిషి చుట్టూ ఉన్నదంతా కత్తిరించేస్తుంటారు. ఆ కత్తిరింపులో పోయేది ఇంటి అరుగు, పెరట్లోని బావి, కట్టేసిన ఎడ్లబండి. ఇరవై ఏళ్ల తర్వాత ఇంటివారు వెతుక్కునేవి అవే.

జిగురు వెనక్కు రాదు

ఇక్కడ మాత్రం నిదానమే ప్రధానం. పేరు తప్పు రాస్తే కొట్టేసి దిద్దుకోవచ్చు. ఫొటో వెనకంతా జిగురు పూసి అతికిస్తే మళ్లీ చిరగకుండా ఊడదీయడం కష్టం. వెనక ఉన్న స్టూడియో ముద్ర, పాత చేతిరాత శాశ్వతంగా కప్పబడిపోతాయి. అన్నం మెతుకులతో, మైదా పిండితో అతికిస్తే కాగితం తినే పురుగులకు మేత వేసినట్లే. సెల్లోటేపు కొన్నేళ్లకు పసుపెక్కి మరక మిగిలిస్తుంది. పేజీ మీద ముందే జిగురుండి, పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బంలు సులువుగా కనిపించినా కాలం గడిచేకొద్దీ ఫొటోను పట్టేసి వదలవు. గుండుసూదులు, పిన్నులు తుప్పు పడతాయి.

పాత నల్లకాగితం ఆల్బంలలో వాడిన పద్ధతే మంచిది. కాగితాన్ని చిన్న త్రికోణాలుగా మడిచి పేజీకి అతికించి, ఫొటో మూలలను వాటిలో దూర్చాలి. జిగురు పేజీకే అంటుతుంది. ఫొటోను ఎప్పుడైనా తీసి వెనక చూసుకోవచ్చు.

ఆలోచనకూ ఒక హద్దు ఉండాలి. సాయంత్రం ఒక పేజీ మీద ఫొటోలు జిగురు లేకుండా పేర్చి అలాగే ఉంచాలి. రాత్రి ఇంట్లోవారు చూస్తారు. 'ఈ ఫొటో తమ్ముడి పెళ్లిది కాదు, బావగారి ఇంట గృహప్రవేశానిది' అని ఎవరో ఒకరు సరిచేస్తారు. మర్నాడు త్రికోణాలు అతికించేయాలి. పేజీకి ఒక రాత్రి చాలు. అందం కోసం నెలల తరబడి ఆలోచిస్తే పుస్తకం పూర్తికాదు.

ఈ అతికింపు చిరాకు మన ఒక్కరిదే కాదు. అమెరికా రచయిత మార్క్ ట్వేన్ కూడా పేజీల మీద ముందే జిగురు పూసి ఉంచే పుస్తకానికి 1873లో పేటెంటు పొందాడు. తడిచేసి ముక్క అంటిస్తే సరి. పని తేలికైంది కానీ ఫొటోలోని మనిషి పేరు రాయాల్సిన బాధ్యత మాత్రం ఇంటివారిదే.

తడిస్తే ఆగరాదు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడ ఇళ్లలోకి చొరబడినట్లు ఎప్పుడైనా నీళ్లు వస్తే ఫొటోల విషయంలో మళ్లీ తొందరే కావాలి. తడిసినవి ఒకదానికొకటి అంటుకుని ఆరితే విడదీయలేం. తడిగా ఉండగానే మెల్లగా వేరుచేసి, బురద పోయేలా శుభ్రమైన చల్లటి నీళ్లలో ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. బొమ్మ మీద వేళ్లు పెట్టకూడదు, గుడ్డతో తుడవకూడదు. రాకుంటే బలవంతంగా లాగక మళ్లీ నీళ్లలో నానబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. అసలు పుస్తకాన్ని నేలమీద పెట్టెలోనో, చెమ్మగోడకు ఆనించో ఉంచకుండా పై అరలో పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు ఫొటోలన్నీ సెల్‌ఫోన్లలోనే. వేలకొద్దీ తీస్తున్నారు. ఫోను పాడైతే వేరేచోట దాచనివన్నీ పోతాయి. ఏడాదికి పదైనా ఎంచి ప్రింటు వేయించి, వెంటనే పేర్లు రాసుకుంటే పిల్లలకు మిగులుతాయి.

ఈ సాయంత్రం పెట్టె తెరిచి, ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని ఒక్క ఫొటోలోని పేర్లు రాసుకున్నా పని మొదలైనట్లే. అతికించే సంగతి రేపు చూసుకోవచ్చు.