ముసలి చిరుత ఎటు పోతుంది?

కార్తీకమాసం వస్తే మిర్యాలగూడ, కోదాడ వైపు ఆడవాళ్లం వాడపల్లి వెళ్తాం. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట మునిగి, అగస్త్యేశ్వరుడికి దీపం పెడతాం. అదే కృష్ణ వెంట ఎగువకు పోయి సాగర్ దాటితే నల్లమల. పులుల సంగతి అందరికీ తెలుసు. చిరుతల మాటే ఎవరూ ఎత్తరు. 2024 ఫిబ్రవరిలో విడుదలైన లెక్క ప్రకారం, దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలోకీ ఎక్కువ చిరుతలు ఉన్నది మన నాగార్జునసాగర్-శ్రీశైలంలోనే! ఆంధ్రప్రదేశ్‌లో 569, తెలంగాణలో 297 అని అంచనా.

వీటిలో ఒకదాన్ని పుట్టుక నుంచి ముసలితనం దాకా గుర్తుపట్టడం ఎలా? ఒంటిమీది మచ్చలే ఆధారం. మన వేలిముద్రల్లాగే ఏ రెండు చిరుతల మచ్చలూ ఒకేలా ఉండవు. దారి పక్క చెట్లకు కట్టిన కెమెరాలు ఫొటో తీస్తాయి. ఏటా ఆ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే అదే చిరుతో, కొత్తదో తెలిసిపోతుంది.

తల్లి చిరుతది ఒంటరి కాపురం. పిల్లల్ని సాకడంలో తండ్రి సాయం ఉండదు. వేటాడి పెట్టి, ఏడాదిన్నరో రెండేళ్లో సాకుతుంది. కూతురికి చాలాసార్లు పుట్టింటి పక్కనే జాగా దొరుకుతుంది. ఈ మాట చెబితే మా అత్తమ్మ, “మరి కొడుకులేం గావాలె?” అంది. కొడుకులు దూరం పోయి బతుకు వెతుక్కోవాల్సిందే.

దక్షిణాఫ్రికాలోని సబీ సాండ్ అడవిలో కరులా అనే ఆడ చిరుత కథ కూడా ఇలాంటిదే. 2004లో పుట్టింది. టీవీలో, ఇంటర్నెట్‌లో రోజూ దాన్ని చూసినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. తన నేలలో కొంత కూతుళ్లకు వదిలింది. పన్నెండేళ్లు దాటాక, 2017లో, కనబడకుండా పోయింది. అంతమంది కళ్లు దానిమీదే ఉన్నా కళేబరం కూడా దొరకలేదు!

అడవిలో చిరుతకు పన్నెండు, పదిహేనేళ్లు బతికితే నిండు ఆయుష్షే. ముందు పళ్లు పసుపెక్కి అరుగుతాయి. తర్వాత కోర విరుగుతుంది. చెవులు చిరుగుతాయి. మగదైతే పడుచు మగవి వచ్చి తరిమేస్తాయి. జింకను పట్టే సత్తువ ఉండదు. కుందేలు, నెమలి, చివరికి ఊరి కుక్క, దొడ్లో మేక.

ఇక్కడే మనకు భయం. ముసలిదైతే మనుషుల్ని తింటుందని చాలామంది అనుకుంటారు. దానికి రుద్రప్రయాగ చిరుతను చూపిస్తారు. ఎనిమిదేళ్లలో 125 మందిని చంపిన దాన్ని జిమ్ కార్బెట్ 1926 మేలో కాల్చాడు. చూస్తే పళ్లరిగిన ముసలి మగది. నిజమే. కానీ అది మనుషుల మీద పడడం మొదలుపెట్టింది 1918లో కదా, అప్పటికి అది పడుచుదే! ఆ ఏడు వచ్చిన ఇన్‌ఫ్లుయెంజాలో శవాల్ని కాల్చే దిక్కులేక లోయల్లో పడేశారు. ఆ రుచి అలా మరిగిందని కార్బెట్ అభిప్రాయం. నేరం ముసలితనానిది కాదన్నమాట.

మన దగ్గర మాత్రం చాలా చిరుతలకు ముసలితనం దాకా బతికే రాతే ఉండదు. అడవిపందుల కోసం చేను చుట్టూ పెట్టిన ఉచ్చు, కరెంటు తీగ దాన్నీ బలి తీసుకుంటాయి. ఆ తీగే తెల్లారి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషినీ చంపుతుంది.

అడవి అంచు ఊళ్లలో మేకలు సాకేది ఎక్కువగా ఆడవాళ్లే. పిల్లల ఫీజు కట్టేది ఆ మేక అమ్మే కదా, కడుపుమంట నాకూ అర్థమవుతుంది. చీకటి పడకముందే మేకల్ని పైకప్పు, గట్టి తలుపు ఉన్న కొట్టంలోకి తోలండి. ఉత్త ముళ్లకంచె చిరుతకు ఒక లెక్కా? అయినా మేక పోతే, కళేబరాన్ని కదపకుండా, దానిమీద మందు చల్లకుండా వెంటనే ఫారెస్టోళ్లకు కబురు పెట్టండి. వాళ్లొచ్చి చూసి రాసుకుంటేనే నష్టపరిహారం అడగడానికి వీలవుతుంది.