మెదడులోని నెత్తుటి బుడగ



తలనొప్పి యెరుగనివారు లేరు. శొంఠిపట్టు వేసికొని పడుకొన్న తెల్లవారునప్పటికి తగ్గిపోవు నొప్పినిగూర్చి నేనిప్పుడు చెప్పబోవుటలేదు. చేలో పనిచేయుచున్న మనిషికి తలపై పిడుగు పడినట్లు క్షణములో భరింపరాని నొప్పి పుట్టును; వాంతియగును, మెడ బిగియును, ఒక్కొక్కప్పుడు స్పృహ తప్పును. ఇట్టి నొప్పి జన్మలో నెరుగనని రోగియే చెప్పును. మన పల్లెలలో దీనిని గాలి సోకినదందురు, ఎండదెబ్బ యందురు.

పాత సైకిలు ట్యూబు అరిగినచోట బుడగవలె ఉబ్బుట మీరు చూచియే యుందురు. మెదడు క్రింది రక్తనాళములు కొమ్మలుగా చీలుచోట గోడ పలుచబడి యట్లే యుబ్బును. దీనిని వైద్యులు ఎన్యూరిజమందురు. నూటికి ఇంచుమించు ముగ్గురిలో ఇది యుండును. పెక్కుమందిని జీవితాంతము బాధింపదు. రక్తపుపోటు, చుట్ట, బీడీ దాని చీలికకు తోడ్పడును. చీలినచో ఇంచుమించు మూడవవంతుమంది బ్రతుకరు.

బ్రతికినవారికిని గండము గడవలేదు. చీలినచోట గట్టిన నెత్తుటిగడ్డ యూడి మరల రక్తము స్రవించు భయము తొలి 24 గంటలలోనే హెచ్చు. కావున ఆర్.ఎం.పి. వద్ద నొప్పిసూది వేయించి, రేపు చూతమనుకొనుట ప్రాణాపాయము. ఆస్పిరిన్ అసలే కూడదు. అది నెత్తురును గడ్డకట్టనీయదు. 108కి ఫోను చేసి, సి.టి. స్కాను గల ఆసుపత్రికి పోవలెను. నొప్పి పుట్టిన ఆరు గంటలలోపల తీసిన స్కాను ఈ రక్తస్రావమును దాదాపు తప్పక పట్టియిచ్చును.

చికిత్స రెండు విధములు. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ యను వైద్యుడు పుర్రె తెరచి బుడగ మెడకు చిన్న క్లిప్పు వేసెను. 1990 తరువాత, గజ్జలోని నాళముగుండ సన్నని గొట్టము పంపి, బుడగను ప్లాటినం తీగచుట్టతో నింపు పద్ధతి వచ్చినది. 2002లో వెలువడిన పెద్ద పరిశీలనలో తీగచుట్ట వైద్యము పొందినవారు ఏడాది గడచునప్పటికి కొంత మేలుగా నుండిరి. కాని ఆ తీగయు, దానికి వలయు యంత్రమును మిక్కిలి ఖరీదు. క్లిప్పునకు సూక్ష్మదర్శినియు, చేయితిరిగిన శస్త్రవైద్యుడును ఉండవలెను (అదియు సులభముగా దొరకునది కాదు!). క్లిప్పు పేదల వైద్యమని చిన్నచూపు చూడవలదు. బుడగ యాకారమును, చోటును బట్టి సంపన్నదేశములలో సైతము దానినే యెన్నుకొనుట కలదు. ఏ పద్ధతియైనను, నిమోడిపిన్ మాత్ర సాధారణముగా 21 దినములు వాడుదురు.

ఇక ధనము మాట. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో మన మహబూబునగరమొకటి. 2023 డిసెంబరులో తెలంగాణమున కుటుంబమునకు ఏటి పరిమితిని 10 లక్షల రూపాయలు చేసిరి. పొలము తాకట్టుపెట్టుటకు ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగుడు. దేవరకొండనుండి గాని, అచ్చంపేటనుండి గాని హైదరాబాదు వంద కిలోమీటర్ల పైమాట. రేషనుకార్డు వెదకుచు బండి నాపవద్దు. దానిని వెనుకనుండి ఎవరైన తేవచ్చును.