ట్యాంక్‌బండ్ మీద ఒక పూట



హైదరాబాద్ విహారయాత్రకు పోయి వచ్చిన కాడినుంచి రూముల్లో అందరూ ఒక్కటే అడుగుతున్నారు. "ట్యాంక్‌బండ్ చూసిండ్రా? బుద్ధుడు ఎంత పెద్దగున్నడు?" అని. ఒక్కొక్కరికి చెప్పీ చెప్పీ నోరు నొస్తుంది. అందుకని ఈసారి గోడపత్రికలో అందరికీ ఒకేసారి చెబుదామని కూర్చున్నాను. ఇందులో కళ్ళతో చూసింది కొంత, సోషల్ సార్ చెప్పింది కొంత, లైబ్రరీలో చదివింది కొంత.

ముందు పేరు సంగతి

ట్యాంక్ అంటే చెరువు. బండ్ అంటే కట్ట. ఇంగ్లీషులో అంటే గొప్పగా వినబడుతుంది గానీ, అది ఉత్త చెరువుకట్టే! మన ఊళ్ళ చెరువుకట్ట మీద ఎడ్లబండ్లు పోతాయి, అక్కడ బస్సులు, కార్లు పోతాయి. చెరువు పేరు హుస్సేన్‌సాగర్. గోల్కొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుతున్న కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ అనే పెద్దమనిషి దగ్గరుండి కట్టించారు. అందుకే ఆయన పేరు నిలిచింది.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. చార్మినార్ కట్టింది 1591లో. అంటే హైదరాబాద్ ఊరు పుట్టక ముందే ఈ చెరువు ఉన్నది. ఊరికన్నా చెరువే వయసులో పెద్దది అన్నమాట. తర్వాత కట్టకు ఒక వైపు హైదరాబాద్, ఇంకో వైపు సికింద్రాబాద్ పెరిగాయి. నీళ్ళు ఆపడానికి వేసిన కట్ట రెండు ఊళ్ళను కలిపే బాట అయింది. 1946లో దాన్ని వెడల్పు చేశారు, 1980లలో ఇంకోసారి వెడల్పు చేశారు.

చెరువు ఎట్లా పని చేస్తుంది?

మన ఊరి చెరువు తెలిసినవాళ్ళకు ఇది కూడా తెలిసినట్టే. నీళ్ళు రావడానికి ఒక దారి, ఆపడానికి కట్ట, ఎక్కువైతే పోవడానికి మత్తడి. హుస్సేన్‌సాగర్‌కు చుట్టుపక్కల వాన నీళ్ళు వాగుల్లో వచ్చేవి. అవి చాలవని మూసీ నది నుంచి ఒక కాలువ కూడా తవ్వి తెచ్చారు. నిండితే మిగిలిన నీళ్ళు మత్తడి దుంకి, నాలా వెంట పోయి మళ్ళీ మూసీలోనే కలుస్తాయి. మూసీ దగ్గర తీసుకున్నది మూసీకే ఇచ్చేయడం అన్నమాట.

సుమారు 1930 వరకు ఊరివాళ్ళు ఈ నీళ్ళే తాగారంట! 1908లో మూసీకి పెద్ద వరద వచ్చి ఊరు మునిగింది. ఆ తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. తాగే నీళ్ళు అక్కడి నుంచి రావడం మొదలయ్యాక ఈ చెరువు మీద జనానికి పట్టింపు తగ్గింది. ఆ కథ చివర చెప్తాను.

కట్ట మీద బొమ్మలు

బస్సు దిగగానే మొదట కనబడేవి విగ్రహాలు. 1986లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు గారు తెలుగు నేలకు పేరు తెచ్చినవాళ్ళవి 33 విగ్రహాలు వరసగా పెట్టించారు. మన తెలుగు వాచకంలో పాఠాలున్న వాళ్ళు చాలామంది అక్కడ నిలబడి ఉన్నారు. నన్నయ, తిక్కన, ఎర్రన ముగ్గురూ ఉన్నారు. పోతన, వేమన, అన్నమయ్య ఉన్నారు. కుమ్మరి ఇంట పుట్టి రామాయణం రాసిన మొల్ల ఉంది. గుర్రం జాషువా, శ్రీశ్రీ, సురవరం ప్రతాపరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఉన్నాడు. జెండా రూపం గీసిన పింగళి వెంకయ్య ఉన్నారు. మేము పేర్లు చదువుకుంటూ పోతుంటే పరీక్షకు రివిజన్ చేసినట్టే అయింది.

అల్లూరి సీతారామరాజు విగ్రహం దగ్గర మేము చాలాసేపు ఆగాము. మన్యంలో గిరిజనులతో కలిసి తెల్లవాళ్ళను ఎదిరించిన వీరుడు. అయితే అక్కడ నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన పక్కన నిలిచి పోరాడిన గంటందొర, మల్లుదొరల బొమ్మలు ఏవి? ఆ 33 మందిలో ఆదివాసీ ఇంట పుట్టినవాళ్ళు ఎంతమంది అని మేము వేళ్ళ మీద లెక్కపెట్టాము. ఒక్కరూ లేరు.

మేము మొహాలు చిన్నబుచ్చుకుంటే సార్ నవ్వి, "ఇంకా చూడాల్సింది ఉంది, రండి" అన్నారు. కట్ట మీదనే కొమురం భీం విగ్రహం ఉంది! 2012లో పెట్టారు. మొదటి విగ్రహాలు పెట్టిన 26 ఏళ్ళకు. జల్, జంగల్, జమీన్ మాది అని నిజాం సర్కారును ఎదిరించి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మన భీం. నిజాం ఏలిన ఊరి నడిబొడ్డున, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ విగ్రహం ఉన్న అదే కట్ట మీద నిలబడ్డాడు. అట్లా చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. ఏటా ఆశ్వయుజ పున్నమికి జోడేఘాట్ పోయే మా ఊరి పెద్దలు గుర్తుకొచ్చారు. మాలో ఒకడు చెప్పులు విడిచి మొక్కిండు. ఎవ్వరం నవ్వలేదు.

నీళ్ళల్లో బుద్ధుడు

చెరువు నడుమ ఒక బండ ఉంది. దాన్ని జిబ్రాల్టర్ రాక్ అంటారు. దాని మీద బుద్ధుని విగ్రహం. ఎత్తు దాదాపు 58 అడుగులు. అతుకులు లేకుండా ఒకే రాయితో చెక్కింది. రాయి భువనగిరి దగ్గర రాయగిరి గుట్టది. అమెరికాలో స్వేచ్ఛాదేవి విగ్రహం చూసి వచ్చాక రామారావు గారికి ఈ ఆలోచన పుట్టిందంట. 1985లో పని మొదలైంది. గణపతి స్థపతి గారి ఆధ్వర్యంలో శిల్పులు చెక్కారు.

వందల టన్నుల బరువున్న విగ్రహాన్ని అక్కడి నుంచి తేవడం ఒక ఎత్తు అయితే, నీళ్ళు దాటించడం ఇంకో ఎత్తు. 1990 మార్చి 10న విగ్రహాన్ని పడవ లాంటి పెద్ద తెప్ప మీద ఎక్కించి తీసుకుపోతుంటే తెప్ప ఒరిగిపోయింది. విగ్రహం నీళ్ళల్లో మునిగింది. దాంతోపాటు పని చేస్తున్నవాళ్ళు కొందరు చనిపోయారు. రెండేళ్ళకు పైగా బుద్ధుడు చెరువు అడుగున పడుకొని ఉన్నాడు. 1992 డిసెంబర్ 1న పైకి తీసి బండ మీద నిలబెట్టారు. విగ్రహం మాత్రం పగలలేదు. 2006లో దలైలామా వచ్చి పూజ చేశారు. లుంబినీ పార్కు నుంచి పడవలో అక్కడికి పోవచ్చు. పడవలో కూర్చున్నప్పుడు, ఆ రోజు పోయిన కూలీల పేర్లు కూడా ఎక్కడన్నా పెద్ద అక్షరాలతో రాసి ఉంటే బాగుండు అనిపించింది.

మీకు తెలుసా? బుద్ధుడు మునిగింది మార్చి 10న. తెలంగాణ ఉద్యమంలో మిలియన్ మార్చ్ ఇదే ట్యాంక్‌బండ్ మీద జరిగింది కూడా మార్చి 10నే, 2011లో. ఆ రోజు కట్ట మీది విగ్రహాలు కొన్ని పగిలాయి. తర్వాత మళ్ళీ పెట్టారు.

చుట్టూ ఏమున్నాయి?

ఒక పక్క లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్. ఇంకో పక్క సంజీవయ్య పార్కు. అక్కడ 2016 జూన్ 2న ఎగరేసిన జాతీయ జెండా స్తంభం 291 అడుగులు. మెడలో హారం లాగ చెరువు ఒడ్డున తిరిగే బాటను నెక్లెస్ రోడ్ అంటారు. 2021లో దానికి పి.వి. నరసింహారావు గారి పేరు పెట్టారు. అక్కడనే అంబేద్కర్ గారి 125 అడుగుల విగ్రహం ఉంది, 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. తల ఎత్తి చూస్తే మెడ నొచ్చింది! దగ్గర్లోనే కొత్త సచివాలయం, దీపం ఆకారంలో మెరిసే అమరవీరుల స్మారకం. రెండూ 2023లోనే మొదలైనవి.

లుంబినీ పార్కులో ఒక దుఃఖం కూడా ఉంది. 2007 ఆగస్టు 25న అక్కడా, కోఠిలో ఒక చాట్ దుకాణం దగ్గరా బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు పిల్లలు అక్కడ ఆడుకుంటున్నారు.

పండుగలు

సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకొని ట్యాంక్‌బండ్‌కు వస్తారు. అన్నిటికన్నా పెద్దది గణేశ్ నిమజ్జనం. అనంత చతుర్దశి నాడు వేల విగ్రహాలు లారీల మీద వస్తాయి, క్రేన్లతో ఎత్తి నీళ్ళల్లో దించుతారు. ఖైరతాబాద్ గణపతిని 1954లో ఒక అడుగుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయారు. 2024లో 70 అడుగులు చేశారు.

ఇప్పుడు అసలు సంగతి

చూడముచ్చటగా ఉందిగానీ, గాలి ఇటు తిరిగినప్పుడు వాసన వచ్చింది. సైన్సు సార్ కారణం ఇట్లా చెప్పారు. వాన నీళ్ళు తెచ్చిన నాలాలే తర్వాత ఇండ్ల మురుగు, ఫ్యాక్టరీల నీళ్ళు తెచ్చాయి. మురుగు నీళ్ళు పాచికి, గుర్రపుడెక్కకు ఎరువు లాంటివి. అవి విపరీతంగా పెరిగి, చచ్చి, కుళ్ళుతాయి. కుళ్ళేటప్పుడు నీళ్ళల్లో కలిసి ఉన్న ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. అప్పుడు చేపలకు ఊపిరి అందదు. వాసన కూడా అందుకే.

దానికి తోడు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు. మట్టి విగ్రహం నీళ్ళల్లో తొందరగా కరిగి అడుగు మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టర్‌ది అట్లా కరగదు, నెలల తరబడి ఉంటుంది. రంగుల్లో సీసం లాంటి లోహాలు నీళ్ళల్లో చేరుతాయి. 2021లో హైకోర్టు, హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాలు వేయొద్దని చెప్పింది. ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు అనుమతి ఇచ్చింది. 2022లో ఖైరతాబాద్ గణపతినే 50 అడుగుల ఎత్తున మట్టితో చేశారు. అంత పెద్దది మట్టితో అయినప్పుడు మన హాస్టల్ గణపతి రెండు అడుగులది ఎందుకు కాదు?

మిత్రులారా, నేను ఇది రాసింది అందుకే. పోయిన ఏడు మనం చందాలు వేసుకొని రంగురంగుల ప్లాస్టర్ గణపతిని కొన్నాం, మన బడి వెనక కుంటలో వేసినం. ఎండాకాలం కుంట ఎండితే దాని చెయ్యి ఒకటి బయటపడి ఉన్నది, అందరం చూసినం. ఆ కుంటలోనే ఊరి పశువులు నీళ్ళు తాగుతాయి. హుస్సేన్‌సాగర్‌ను కూడా ఒకప్పుడు మనుషులు తాగారు. చెడగొట్టాలని ఎవ్వరూ అనుకొని ఉండరు, రోజూ కొంచెం కొంచెం చేసిన పని అది. జల్ అంటే నీళ్ళు. భీం పేరు చెప్పి కుంటను పాడుచేస్తే ఆయన ముందు చెప్పులు విడిచి ఏం లాభం?

వార్డెన్ సార్లకు ఒక మనవి: ఈ వినాయక చవితికి మట్టి గణపతిని మమ్మల్నే చేయనివ్వండి. మట్టి వాగు నుంచి మేమే తెస్తాం. మిగిలిన చందా డబ్బులతో గోడపత్రికకు స్కెచ్ పెన్నులు, డ్రాయింగ్ షీట్లు కొనుక్కుంటాం.

చెప్పుకోండి చూద్దాం: ట్యాంక్‌బండ్ మీద ఇంకో విగ్రహం పెట్టే అవకాశం మీకే ఇస్తే, ఎవరిది పెడతారు? ఎందుకు? ఐదు వాక్యాలు మించకుండా రాసి పత్రిక డబ్బాలో వేయండి. మంచివి వచ్చే నెల ఇక్కడనే అతికిస్తాం.