మీకు తెలుసా? దెబ్బ తగిలాక బాగానే మాట్లాడినా ప్రమాదం ఉండొచ్చు

తలకు దెబ్బ తగిలిన మనిషి లేచి నడుస్తూ, నవ్వుతూ మాట్లాడుతున్నా పుర్రె లోపల నెత్తురు కారుతూ ఉండొచ్చు. బ్రిటిష్ నటి నతాషా రిచర్డ్‌సన్ 2009 మార్చి 16న కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయారు. హెల్మెట్ లేదు. పైకి గాయమూ కనిపించలేదు. వచ్చిన అంబులెన్స్ ఆమెను చూడకుండానే తిరిగి వెళ్లిపోయింది. కొన్ని గంటల్లో విపరీతమైన తలనొప్పి. రెండు రోజులకు చనిపోయారు. ఆమెకు 45 ఏళ్లే.

కణత దగ్గర పుర్రె ఎముక పలచన. దాని లోపలివైపు ఆనుకుని ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య నెత్తురు చేరి మెదడును నొక్కేస్తుంది. సీటీ స్కాన్‌లో ఇది తెలిసిపోతుంది, వేళకు ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మెదడు అదిరే కంకషన్‌లో మాత్రం స్కాన్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. అందుకే మనిషిని గమనించడం అంత ముఖ్యం.

తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా, ఒక కంటిపాప పెద్దదైనా వెంటనే 108కి ఫోన్ చేయాలి. నొప్పి తగ్గడానికని ఆస్పిరిన్ ఇవ్వకూడదు, అది నెత్తురు గడ్డకట్టనివ్వదు.

పెద్దవాళ్లలో, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో, చిన్న దెబ్బకే మెదడు మీద నెత్తురు నెమ్మదిగా చేరి వారాల తర్వాత నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది. వయసు వల్లేనని వదిలేయకుండా, బాత్రూంలో జారిపడ్డ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.