బెట్టలో పైరుకు కబురందించే గాలి



బెట్ట రోజుల్లో మధ్యాహ్నం రెండు గంటల వేళ వేరుశనగ చేనులో నిలబడి చూడండి. ఆకులన్నీ చేతులు జోడించినట్టు ముడుచుకొని ఉంటాయి. ఇక చేను పోయిందనే అనుకొంటాము. తెల్లవారి వెళ్ళి చూస్తే అవే ఆకులు విప్పుకొని పచ్చగా ఉంటాయి. రాత్రి వాన పడలేదు, మనం నీళ్ళు పెట్టలేదు. మరి ఎట్లా తేరుకొన్నట్టు? అనంతపురం జిల్లాలో ఒక పెద్దాయన నన్ను ఇదే అడిగాడు. "సారూ, మనిషైతే ఎండకు చెట్టు నీడకు పోతాడు. ఈ చెట్టు యాడికి పోవాల?" అన్నాడు. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు అది. సరైన జవాబు చెప్పలేకపోయాను సరికదా, ఒక తప్పు సలహా కూడా ఇచ్చి వచ్చాను. ఆ సంగతి కాసేపట్లో మనవి చేస్తాను.

ఆకు మీద కంటికి ఆనని సన్నని రంధ్రాలు ఉంటాయి. ఒక్కొక్క రంధ్రానికి అటూ ఇటూ రెండు కణాలు, పెదవుల మాదిరిగా. ఆ కణాలు నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకొంటుంది, నీరు తగ్గి సడలితే మూసుకొంటుంది. ఈ రంధ్రాల గుండానే బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చి మొక్కకు ఆహారంగా మారుతుంది. ఈ రంధ్రాల గుండానే వేరు తాగిన నీటిలో చాలా భాగం ఆవిరిగా బయటికి పోతుంది. తలుపు తెరిస్తే తిండి వస్తుంది గాని నీళ్ళు పోతాయి. మూస్తే నీళ్ళు మిగులుతాయి గాని తిండి తగ్గుతుంది. బెట్టలో మొక్కకు ఉన్న చిక్కంతా ఇదే.

ఆకులు ముడుచుకోవడం ఎండ తగలకుండా చేసుకొనే ఒక ఏర్పాటు, రంధ్రాలు మూసుకోవడం ఇంకొకటి. రెండోదే ముఖ్యం. రంధ్రాలు మూసుకొంటే, రాత్రంతా వేరు నేలలోని కాస్త చెమ్మనూ లాగి ఆకులను నింపుతుంది. తెల్లవారి మనకు కనిపించే పచ్చదనం అదే.

అయితే ఆ తలుపు సకాలంలో పడాలి. ఆకు పూర్తిగా ఎండిన తరువాత మూసి లాభమేమిటి? నీరు తగ్గిందని పసిగట్టగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. "మూయండి" అని ఆజ్ఞ ఇచ్చేది అది. ఆ ఆజ్ఞను రంధ్రపు కణాల లోపలికి చేరవేసే కబురుగాళ్ళలో ఒకటి చిత్రమైన గాలి. దాని పేరు నైట్రిక్ ఆక్సైడు. ఒక నత్రజని పరమాణువు, ఒక ఆమ్లజని పరమాణువు, అంతే. మెరుపు మెరిసినప్పుడు ఆకాశంలో పుట్టేది, మోటారు బండి పొగలో ఉండేది కూడా ఇదే. చాలాకాలం శాస్త్రజ్ఞులు దీనిని వట్టి కాలుష్యంగానే చూశారు. మన శరీరంలో రక్తనాళాలు సడలడానికి ఇదే కబురు మోస్తుందని కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమానం వచ్చింది. గుండెనొప్పి వచ్చినవారు నాలుక కింద పెట్టుకొనే నైట్రేటు మాత్ర పనిచేసేది ఈ గాలి వల్లనే.

మొక్క దీనిని ఎక్కడి నుంచి తెచ్చుకొంటుంది? చాలావరకు మనం వేసిన నత్రజని నుంచే. వేరు నైట్రేటును పీల్చుకొంటుంది. దానిని నైట్రైటుగా మార్చే ఎంజైము ఒకటి మొక్కలో ఉన్నది. ఆ నైట్రైటులో కొంచెం నైట్రిక్ ఆక్సైడుగా మారుతుంది. ఈ ఎంజైము లోపించిన మొక్కల్లో, హార్మోను ఇచ్చినా రంధ్రాలు మూసుకోలేదని 2002లో తేలింది.

ఇక నా తప్పు సంగతి. నత్రజని ఉంటే పైరు బెట్టను తట్టుకొంటుందని నా లెక్క. ఆ పెద్దాయన చేత పొడి నేలలో అర బస్తా యూరియా చల్లించాను. ఆ తరువాత పద్దెనిమిది రోజులు చినుకు లేదు. యూరియా నేరుగా నైట్రేటు కాదు. నేలలోని సూక్ష్మజీవులు దానిని ముందు అమ్మోనియాగా, ఆపైన నైట్రేటుగా మార్చాలి. అందుకు పదును కావాలి. పదును లేనిచోట ఉన్న కాస్త మంచుకు కరిగి, అమ్మోనియా వాసనగా గాలిలో కలిసిపోతుంది. చేనుకు దక్కింది లేదు, ఆయన డబ్బు మాత్రం పోయింది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

అసలు నైట్రేటు చేతినిండా ఉన్నంత మాత్రాన ఈ గాలి ఎక్కువ పుట్టదు. 2001లో అర్జెంటీనా శాస్త్రజ్ఞులు గోధుమ ఆకులను తెంపి, కొన్నింటిని నైట్రిక్ ఆక్సైడు విడుదల చేసే ద్రావణంలో ఉంచారు. కొన్నింటిని వట్టి నీటిలోను, మరికొన్నింటిని నైట్రేటు, నైట్రైటు కలిపిన నీటిలోను ఉంచారు. తరువాత అన్నింటినీ ఆరబెట్టారు. రెండు మూడు గంటలకు మొదటి రకం ఆకులు మిగతావాటి కంటె 15 శాతం వరకు ఎక్కువ నీరు నిలుపుకొన్నాయి. నైట్రేటు తాగిన ఆకులకూ వట్టి నీళ్ళు తాగినవాటికీ తేడా లేకపోయింది.

"అయితే ఆ ద్రావణమే చల్లితే పోలా?" అని మీరు అడుగుతారు. వద్దు. ప్రయోగశాలలో వాడినది సోడియం నైట్రోప్రుస్సైడు. ఆసుపత్రిలో రక్తపోటు దించే మందు అది, వెలుతురు తగిలి విరిగితే సైనైడు కూడా వదులుతుంది. పొలం మందు కానే కాదు. ఇంకొక మాట. ఈ గాలి కూరలో ఉప్పు వంటిది. మోతాదు మించితే కణాలనే కాలుస్తుంది.

మోతాదు మించకుండా చూసే ఏర్పాటు కూడా మొక్కలోనే ఉన్నది. వేరుశనగ వేరు బుడిపెను గోటితో చీల్చితే లోపల గులాబి రంగు కనిపిస్తుంది గదా, అది మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. దాని తోబుట్టువులు మిగతా మొక్కల్లోనూ కొద్దికొద్దిగా ఉంటాయి. మిగులు నైట్రిక్ ఆక్సైడును పట్టి అణచడం వాటి పని.

ముంపులో ఈ ఏర్పాటే అక్కరకు వస్తుంది. నీట మునిగిన మొక్కలో పుట్టిన ఇథిలీన్ వాయువు బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. అది నిలవగానే ఆ హిమోగ్లోబిన్ రకం పెరిగి, నైట్రిక్ ఆక్సైడు తగ్గిపోతుంది. ఆ తగ్గడమే అక్కడ కబురు. ప్రాణవాయువు అయిపోకముందే మొక్క దానికి సిద్ధపడుతుంది. ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్క మీద హాలెండులోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంవారు 2019లో దీనిని చూపించారు. బెట్టలో పెరగడం కబురు, ముంపులో తగ్గడం కబురు. ఈ విడ్డూరం తలుచుకొన్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

కాబట్టి ఈ కబురు నడిపే పని మొక్కకే వదిలేద్దాం. అది దాచుకొన్న నీటిని దొంగిలించకుండా చూడడం మన వంతు. దొంగ కలుపు. కలుపు ఆకులకూ రంధ్రాలున్నాయి, అవి మీ చేను నీటినే ఆవిరి చేస్తాయి. పైరు చిన్నదిగా ఉండగానే గుంటక తోలండి. కలుపు పోతుంది, పైమట్టి పొడిగా కప్పుకొని కింది చెమ్మ నిలుస్తుంది. 45 రోజులు దాటాక మాత్రం తోలవద్దు, ఊడలు దెబ్బతింటాయి. బావిలో ఒక్క తడికే నీళ్ళుంటే ఊడలు దిగి కాయ ఊరే వేళకు దాచండి.

యూరియా నేల మీద వేయాలనుకొంటే పదును చూసి వేయండి. బెట్టలో వేయక తప్పదనిపిస్తే లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున కలిపి ఆకు మీద పిచికారి చేయవచ్చు. అదైనా మధ్యాహ్నం ఆకులు ముడుచుకొన్న వేళ కాదు, ఎండ తగ్గి ఆకు విప్పుకొన్నాక. ఆ పెద్దాయన చేనులో మరుసటి ఏడు మేమిద్దరం చేసింది ఇదే. సాయంత్రం అయిదు గంటలకు మొదలుపెట్టాము.