ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలపు అమెరికా హైస్కూలు: విభాగములు, పాఠ్యాంశములు, వాటి వెనుకనున్న ప్రశ్న

ఉపోద్ఘాతము

పాఠశాల టైంటేబుల్ చూడడానికి సామాన్యమైన కాగితము. అయితే ఎవరికి ఏమి నేర్పవలెనను ప్రశ్నకు ఒక సమాజము ఇచ్చుకున్న జవాబు అందులో ఉంటుంది. ఈ వ్యాసములో 1940ల నుండి 1960ల ఆరంభము వరకు అమెరికా ప్రభుత్వ హైస్కూలులోని విభాగములను పరిశీలించదలచాము. అవి ఏవి? ఎందుకు అలా ఏర్పడినవి? వాటి తలుపు ఎవరికి తెరచి ఉండేది? ఈ మూడు ప్రశ్నలను వరుసగా చూద్దాము.

1. యూనిట్ల పద్ధతి

అక్కడ హైస్కూలు సాధారణముగా తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు నాలుగు సంవత్సరములు. మన ఇంటర్మీడియట్‌లో ఒక గ్రూపును ఎన్నుకుంటే అందులోని సబ్జెక్టులన్నీ కలిసే వస్తాయి. అక్కడ విద్యార్థి ఒక్కొక్క కోర్సును విడిగా తీసికొని యూనిట్లు కూడబెట్టుకోవాలి. 1906లో కార్నెగీ ఫౌండేషన్ స్థిరపరచిన కొలత ప్రకారము ఒక సబ్జెక్టులో సంవత్సరమునకు 120 గంటల బోధన ఒక యూనిట్. చాలా పాఠశాలలలో పట్టా పొందుటకు సుమారు 16 యూనిట్లు కావలసి ఉండేవి. కొన్ని కోర్సులు అందరికీ తప్పనిసరి, మిగిలినవి ఐచ్ఛికము.

2. విభాగములు

ఇంగ్లీషు విభాగము అన్నిటికంటె పెద్దది. వ్యాకరణము, వ్యాసరచన, సాహిత్యముతో పాటు ఉపన్యాస కళ, నాటకము, పాఠశాల పత్రిక నడపడము కూడ దీని క్రిందనే ఉండేవి. సాంఘిక శాస్త్ర విభాగములో పౌరశాస్త్రము, ప్రపంచ చరిత్ర, అమెరికా చరిత్ర బోధించేవారు. చివరి సంవత్సరములో ప్రజాస్వామ్య సమస్యలు అను కోర్సు చాలాచోట్ల ఉండేది. గణితములో కాలేజీకి వెళ్లదలచినవారు ఆల్జీబ్రా, జ్యామితి, త్రికోణమితి చదివేవారు. ఇతరులకు నిత్యజీవితమునకు పనికివచ్చే సాధారణ గణితము. విజ్ఞాన శాస్త్రములో జనరల్ సైన్స్, జీవశాస్త్రము, రసాయన శాస్త్రము, భౌతిక శాస్త్రము అను వరుస సాధారణము. విదేశీ భాషలలో లాటిన్, ఫ్రెంచి, స్పానిష్, జర్మన్ ఉండేవి.

వీటి ప్రక్కనే వృత్తి విభాగములు ఉండేవి. వాణిజ్య విభాగము టైపింగు, షార్ట్‌హ్యాండు, బుక్ కీపింగ్ నేర్పేది. పారిశ్రామిక కళలలో వడ్రంగము, లోహపు పని, డ్రాయింగు, మోటారు మరమ్మతు ఉండేవి. బాలికలకు గృహవిజ్ఞానము, గ్రామీణ ప్రాంతములలో వ్యవసాయము. వ్యాయామ విద్య, చిత్రలేఖనము, బ్యాండు, కోయిర్, చివరకు కారు నడపడము కూడ కోర్సులే.

3. ఇన్ని విభాగములు ఎందుకు?

1892లో నియమింపబడిన దశసభ్య సంఘము, హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ నాయకత్వమున, కాలేజీకి వెళ్లేవారికైనా వెళ్లనివారికైనా ఒక సబ్జెక్టును ఒకే విధముగా బోధించాలని చెప్పినది. అప్పుడు హైస్కూలుకు వచ్చేవారు కొద్దిమంది. తరువాతి దశాబ్దములలో కార్మికుల పిల్లలు, వలస వచ్చినవారి పిల్లలు పెద్ద సంఖ్యలో చేరినప్పుడు ఆలోచన మారినది. 1917లో స్మిత్-హ్యూస్ చట్టము వ్యవసాయము, చేతిపనులు, గృహవిజ్ఞానము బోధించుటకు కేంద్ర నిధులు ఇచ్చినది. 1918లో జాతీయ విద్యా సంఘము వారి నివేదిక ఆరోగ్యము, మౌలిక నైపుణ్యములు, కుటుంబ జీవితము, వృత్తి, పౌరసత్వము, విరామ వినియోగము, నైతిక శీలము అను ఏడు లక్ష్యములను పేర్కొన్నది. టైంటేబుల్‌లో వంటగది, వర్క్‌షాపు, బ్యాండు ఎందుకు చేరినవో దీనిని బట్టి గ్రహించగలము.

1945లో చార్లెస్ ప్రాసర్ ఇంకొక అడుగు వేశాడు. విద్యార్థులలో 20 శాతము కాలేజీకి, 20 శాతము నైపుణ్య వృత్తులకు సిద్ధపడుతున్నారు, మిగిలిన 60 శాతమునకు జీవన సర్దుబాటు విద్య కావాలి అన్నాడు. చరిత్రకారుడు ఆర్థర్ బెస్టర్ 1953లో దీనిని గట్టిగా ఖండించాడు. సగానికి మించిన పిల్లలకు గంభీరమైన చదువు అక్కరలేదని ముందే తీర్మానించడము ప్రజాస్వామ్యము కాదని అతని వాదన.

1957 అక్టోబరు 4న సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించగానే ఈ వాదము దేశవ్యాప్తమైనది. 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టము విజ్ఞాన శాస్త్రము, గణితము, విదేశీ భాషలు, విద్యార్థి మార్గదర్శనము కొరకు నిధులు కేటాయించినది. 1959లో జేమ్స్ కోనాంట్ తన నివేదికలో అన్ని వర్గముల పిల్లలు ఒకే కప్పు క్రింద చదివే సమగ్ర హైస్కూలును సమర్థించాడు. అందరికీ నాలుగు సంవత్సరముల ఇంగ్లీషు, ప్రతిభావంతులకు నాలుగు సంవత్సరముల గణితము, నాలుగు సంవత్సరముల ఒక విదేశీ భాష ఉండాలన్నాడు. పట్టా పొందే తరగతిలో కనీసము వందమంది లేని పాఠశాల ఇన్ని కోర్సులు నడపలేదు గనుక చిన్నవాటిని కలిపివేయాలన్నాడు.

4. బైబిలు స్థానము

కాపరులమైన మనకు సహజముగా కలిగే ప్రశ్న ఇది. పెన్సిల్వేనియాలోని అబింగ్టన్ హైస్కూలులో ప్రతి ఉదయము లౌడ్‌స్పీకరులో పది బైబిలు వచనములు చదివి, ప్రభువు ప్రార్థన చేయించేవారు. 1963లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. అయితే సాహిత్యముగా, చరిత్రగా బైబిలును నిష్పక్షపాతముగా అధ్యయనము చేయుటకు అడ్డులేదని అదే తీర్పులో స్పష్టపరచినది. అనగా ఆరాధనకును పాఠ్యాంశమునకును మధ్య గీత గీసినది. ఈ భేదమును విడిచి, బైబిలును బడి నుండి పూర్తిగా తీసివేశారని ప్రసంగములలో చెప్పడము సరికాదు.

5. తలుపు ఎవరికి తెరచి ఉన్నది?

పైన చెప్పిన విభాగములు అందరికీ అందలేదు. వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూలు 180 మంది కొరకు కట్టబడినది. 1951 నాటికి అందులో 450 మందికి పైగా ఉన్నారు. సైన్సు ప్రయోగశాల లేదు, వ్యాయామశాల లేదు, భోజనశాల లేదు. తారు కాగితము కప్పిన షెడ్లలో తరగతులు నడిచేవి. కెమిస్ట్రీ అను పేరు టైంటేబుల్‌లో ఉన్నా ప్రయోగశాల లేనిచోట అది ఎలాటి కెమిస్ట్రీ?

1951 ఏప్రిల్ 23న పదహారేండ్ల బార్బరా జాన్స్ నాయకత్వమున విద్యార్థులు తరగతులు విడిచి బయటికి వచ్చారు. స్థానిక ఫస్ట్ బాప్టిస్టు సంఘ కాపరి ఫ్రాన్సిస్ గ్రిఫిన్ వారి ప్రక్కన నిలిచాడు. వారి వ్యాజ్యము 1954 నాటి బ్రౌన్ తీర్పులో కలిసిన అయిదు కేసులలో ఒకటి. తీర్పు వచ్చిన తరువాత కూడ పిల్లలను కలిపి చదివించుటకు ఇష్టపడక, ఆ కౌంటీ 1959 నుండి 1964 వరకు ప్రభుత్వ పాఠశాలలనే మూసివేసినది. గ్రిఫిన్ పేరు మీద నడిచిన కేసులోనే 1964లో సుప్రీంకోర్టు వాటిని తెరిపించినది.

ముగింపు

ఈ చరిత్రలో రెండు విషయములు గమనించాము. పిల్లల అవసరములు వేరు గనుక కోర్సులు పలువిధములుగా ఉండడము మేలే. కాని, ఈ బిడ్డకు ఇంత చదువు చాలు అని ఇతరులు ముందే తీర్మానించినప్పుడు అదే ఏర్పాటు అడ్డుగోడ అవుతుంది. టైపింగు నేర్పడము తప్పు కాదు. ఫలానావారికి టైపింగు మాత్రమే తగును అనడము తప్పు.

సంఘములలో తలిదండ్రులు తమ పిల్లల చదువు గూర్చి మనలను సలహా అడుగుతారు. ఆ బిడ్డ ఇంటి పరిస్థితి, కులము, తండ్రి పని చూచి మనము జవాబు ఇస్తున్నామా, లేక ఆ బిడ్డను అడిగి తెలిసికొని ఇస్తున్నామా? ఫార్మ్‌విల్ పిల్లలు మొదట కోరినది ఒక మంచి పాఠశాల మాత్రమే. వారి మాటను ఆలకించిన కాపరి ఒకడు ఆ ఊరిలో ఉన్నాడు. అటువంటివారు మన ఊళ్లలోనూ ఉండాలి.